ఇద్దరికీ ఒకే బొంత

మారేడుమిల్లి కొండల్లో గుడారం వేసుకుని ఒక రాత్రి పడుకోవాలని మా ఆయనకు బుద్ధి పుట్టింది. డిసెంబరు చలి కదా అని ఫోన్లో చూసి రెండు స్లీపింగ్ బ్యాగులు తెప్పించారు. ఎవరి బ్యాగు వారిది. పెళ్లయిన నాటి నుంచీ నా దుప్పటి లాగేసుకునే మనిషికి ఇక లాగడానికేమీ ఉండదని నేను మహా సంతోషించాను.

అవి వచ్చిన సాయంత్రమే హాల్లో చాపలు పరిచి, ఆ బ్యాగుల్లో దూరి, జిప్పులు మెడదాకా వేసుకుని చూశాం. చలికాలం వస్తే చాలు, మంచుముక్కల్లాంటి నా పాదాలు ఆయన పిక్కలకు ఆనించడం, ఆయన "అబ్బా!" అని అరవడం మా ఇంట్లో మామూలు. ఆ రోజు అరుపు లేదు.

కాసేపటికి పక్క బ్యాగులోంచి గొంతు వినిపించింది.

"ఏమే, అక్కడ నీ కాళ్లు ఎక్కడ పెట్టుకుంటావు?"

"నా కాళ్ల సంగతి మీకెందుకండీ?" అని కసిరాను.

ఆయన లేచి వెళ్లి, బీరువా మీది పెద్ద బొంత దించారు. పాత చీరలతో మా అమ్మ కుట్టిందది. గుడారంలో కింద నేల చలి తగలకుండా వరిగడ్డి పరుచుకుందామన్నారు.

"బొంత కూడా లాగేస్తారు మీరు," అన్నాను.

"లాగితే ఆ కాళ్లతోనే ఒకటి తన్నుదువుగానిలే."