వదిన తీసేసిన అనుమానాలు

మా వదిన మనుషుల మాటలు కత్తిరించి బతుకుతుంది. చాలామంది ఉచితంగా చేసే పనే ఇది. ఆవిడకు మాత్రం జీతమిస్తారు. మూడో అంతస్తులో, గోడలకు పాత దుప్పట్లు బిగించిన ఇరుకు గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రికార్డు చేసిన మాటల్లోంచి దగ్గులూ, గుటకలూ, నసుగుళ్లూ తీసిపారేస్తుంది. ఇదివరకు ఒక ప్రకటనల కంపెనీలో, సబ్బుల గురించి గొంతు చించుకునేవాళ్లను సవరించేది. జనం ఫోన్లలో వినే ఒక పాడ్‌కాస్ట్‌లో చేరాక మనిషికే కళ వచ్చింది.

"ఇన్నాళ్లకు వినదగ్గ మాటలు నా చేతిలో పడ్డాయి మరిదిగారూ" అనేది.

ఆ పాడ్‌కాస్ట్ ఇద్దరు కలిసి చేస్తారు. ఒకరు చరిత్ర ప్రొఫెసరుగారు, ఇంకొకరు పత్రికలో పనిచేసే విలేకరమ్మ. ఊళ్లోని పాత కట్టడాల కథలు చెబుతారు. విలేకరమ్మకు ప్రతి వాక్యమూ పెద్దక్షరాల శీర్షికలా ఉండాలి. ప్రొఫెసరుగారికి ఏ వాక్యాన్నీ తెగేసి ముగించడం ఇష్టముండదు. ఎండగా ఉందని చెప్పాలన్నా, "ఉన్నట్టు భావించడానికి కొంత ఆస్కారం లేకపోలేదు" అంటారు.

పాత వంతెన మీద చేసిన భాగం గంటన్నర వచ్చింది. "అరగంటకు దించెయ్ అక్కా" అని విలేకరమ్మ ఇంకో పని మీద వెళ్లిపోయింది. వదిన దగ్గులు తీసింది, చాల్లేదు. గుటకలు తీసింది, చాల్లేదు. చివరికి ప్రొఫెసరుగారి "బహుశా"ల మీద, "ఏమో"ల మీద, "ఆధారాలు లేవు"ల మీద పడింది. పాపం, ఆయనకు మేలు చేస్తున్నాననే అనుకుంది. ఆయన గొంతు ఎంత ధీమాగా వచ్చిందో చూడమని నన్ను పిలిచి వినిపించింది కూడా. నేను శభాష్ అన్నాను. నన్నడిగితే అంతే మరి.

ఆయన అసలు అన్నది ఇది: "బహుశా ఈ వంతెన కట్టించింది ఒక వంటమనిషి అయి ఉండొచ్చునేమోనని ఒక కథ ఉంది గానీ, ఆధారాలు లేవు." జనం విన్నది: "ఈ వంతెన కట్టించింది ఒక వంటమనిషి."

మర్నాటికి ఊరంతా అదే మాట. వంటవాళ్ల సంఘం వంతెన మొదట్లో ప్రొఫెసరుగారి ఫొటోతో బ్యానరు కట్టింది. ఫొటోలో ఆయన చేతికి ఒక గరిటె కూడా తగిలించారు. ఆయనంటే గిట్టని సాటి ప్రొఫెసరు ఫోన్ చేసి, "మీకున్న ధైర్యం మాకెక్కడిదండీ!" అన్నాడట, గొంతులో తేనె ఒలకబోస్తూ.

ప్రొఫెసరుగారు మూడంతస్తులూ ఎక్కి, రొప్పుతూ వచ్చారు.

"ఏమ్మా, నా అనుమానాలన్నీ ఏం చేశావు?"

"తీసేశాను సార్. వినేవాళ్లకు అడ్డమొస్తున్నాయని..."

"అవే నా చదువమ్మా! అవి తీసేశాక మిగిలేది ఎవరైనా చెప్పగలరు."

విలేకరమ్మ మధ్యలో దూరింది. "సార్, వినేవాళ్లు పదింతలయ్యారు!"

"అయితే ఆ వంటమనిషినే పిలిపించుకోండి. నేనిక రాను."

ఆయన రాకపోతే పాడ్‌కాస్ట్ లేదు. పాడ్‌కాస్ట్ లేకపోతే వదిన మళ్లీ సబ్బుల పాలు. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతుండగానే ఆయన వెనక మెట్లు దిగింది.

"సార్, తీసిన ముక్కల్లో ఒక్కటీ పారెయ్యలేదు. అన్నీ తిరిగి అతికిస్తాను. తప్పు నాదని నేనే మైకులో చెబుతాను."

"నువ్వా? మైకులోనా?"

"గొంతు వణుకుతుంది. అయినా చెబుతాను."

ఆయన ఒక మెట్టు దిగబోయి ఆగారు. "వణికితే మాత్రం తియ్యకు" అన్నారు. వెనక్కి తిరిగి పైకెక్కారు.

వదిన నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, తను కత్తిరించిందేమిటో, ఆయన అసలు అన్నదేమిటో చెప్పింది. మధ్యలో దగ్గింది. అది అలాగే ఉంచేసింది. తర్వాత విలేకరమ్మ మైకు లాక్కుని, "మరి కట్టించిందెవరు సార్?" అని అడిగింది.

ప్రొఫెసరుగారు మైకు దగ్గరకు జరిగారు.

"తెలియదమ్మా."

"అంతేనా?"

"అంతే."

"పోనీ, ఎలా తెలుసుకుంటారు?"

ఇక చూడాలి! ఏ రాయి మీద ఎవరి గుర్తు వెతకాలో, ఏ కథను ఎందుకు నమ్మకూడదో అరగంటపాటు తడుముకోకుండా చెప్పారు. వెతకడమెలాగో ఆయనకు క్షుణ్ణంగా తెలుసు. విలేకరమ్మ నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయింది.

కత్తిరించడానికేమీ దొరక్క వదిన ఎండ ఉండగానే ఇల్లు చేరింది. తలుపు తీసిన మా అన్నయ్య కంగారుపడ్డాడు.

"అదేమిటే, అప్పుడే వచ్చేశావ్? పీకేశారా?"

"ముందు టీ పెట్టు. వాగీ వాగీ గొంతు పోయింది."