ఉరికినందుకే దొరికిన మల్లేశ్

ఈ రోజు పొద్దున మా పై వాటాలో అద్దెకుండే మల్లేశ్‌కు తోడుగా ఉప్పల్‌లో గుండె పరీక్షకు వెళ్లాను. అతను నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందంటే డాక్టర్ స్ట్రెస్ ఎకో రాశారు. ట్రెడ్‌మిల్ మీద నడిపించి, గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుండగానే దాని కదలికను స్కాన్‌లో చూస్తారు.

నొప్పి వస్తే చెప్పమని టెక్నీషియన్ అడుగుతూనే ఉంది. "ఏం లేదు మేడం, ఇంకా స్పీడ్ పెంచున్రి" అన్నాడు మల్లేశ్. చొక్కా తడిసిపోయింది.

తర్వాత డాక్టర్ మమ్మల్ని లోపలికి పిలిచారు. శ్రమ పెరిగితే గుండె ముందు భాగానికి రక్తం చాలడం లేదని, అక్కడి కండరం సరిగా ముడుచుకోవడం లేదని చెప్పారు.

"నిజంగా నొప్పి రాలేదా?"

"వచ్చింది సార్. చెప్తే ఫెయిల్ జేస్తరని ఊకున్న. ఫిట్ అని రాసిస్తెనే ఫ్యాక్టరీల మల్ల మిషన్ మీద నిలబడనిస్తరు."

"ఇదేమైనా కానిస్టేబుల్ సెలక్షన్ అనుకున్నావా?" అని డాక్టర్ కసిరారు. యాంజియోగ్రామ్ అయ్యేదాకా పనికి వెళ్లొద్దన్నారు.

తిరిగొస్తుంటే ఆటోలో, నాచారం దగ్గర పడ్డాక మల్లేశ్ అన్నాడు: "అన్నా, గంత ఉరికినందుకే దొరికిన. ముందే ఆగిపోతే ఫొటోల ఏం కనవడకపోతుండె గదా?"

అది నిజమే కావచ్చు. జబ్బు బయటపడినందుకు కాక, పట్టుబడినందుకు బాధపడే మనిషికి మీరైతే ఏం చెప్పేవారు?