మామ చెవి, మీటరు ముల్లు

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను జగిత్యాలలో మా బట్టల దుకాణంలో ఉన్నాను. "పొద్దుగాల చాయ్ తాగిండు, గట్లనే గోడకు ఒరిగిండు అల్లుడా" అంది. "సరే అత్తా" అని ఫోన్ పెట్టేసి, ఎవరో విప్పి పడేసిన చీరలు మడత పెట్టడం మొదలుపెట్టాను. కొన్ని మడిచాక గానీ ఆమె చెప్పింది నా తలకెక్కలేదు. ఇప్పటికీ పూర్తిగా ఎక్కిందని చెప్పలేను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. గొల్లపల్లిలో ఉండేవాడు. వాళ్ళ నాన్న కల్లు కోసం తాళ్ళు గీసేవాడు, ఈయన మాత్రం స్టీరింగు పట్టాడు. పాత పికప్ బండితోనే బతుకంతా వెళ్ళదీశాడు. సిరిసిల్లలో చీరల మూటలు ఎత్తుకుని మా దుకాణానికీ, కోరుట్లలో తెలిసినవాళ్ళకూ వేసేవాడు. లోడుకు వెళ్ళినప్పుడల్లా ఎడమ సీట్లో నేనుండేవాణ్ణి.

మామకో అలవాటు. స్పీడు మీటరు మీద తువాల కప్పేసేవాడు. ఎందుకంటే, "స్పీడు జూసుడేందిరా? ఇంజను మోత ఇంటె ఎరుకైతది" అనేవాడు. గొప్పలు కాదు. "గిప్పుడు నలభై" అన్నాక తువాల ఎత్తి చూస్తే ముల్లు నలభై మీదే ఉండేది. నాకు భలే సరదాగా ఉండేది.

కిందటేడు వానాకాలంలో ఒక మలుపు దగ్గర వెనక మూటలన్నీ ఒక పక్కకు ఒరిగాయి. తువాల ఎత్తి చూసి, ముల్లు మీద వేలు పెట్టాను.

"మామా, డెబ్బై దాటింది!"

"నలభై గూడ లేదు. ముల్లుకు పిచ్చి లేచింది."

చెట్లు వెనక్కి ఉరుకుతున్నాయి. మామ ముఖం చూస్తే ఎడ్లబండి తోలుతున్నంత నిమ్మళంగా ఉంది. మామను నమ్మాలా, ముల్లునా?

కోరుట్లలో మీటర్లు బాగుచేసే చాచా ఒకాయన ఉన్నాడు. బండి అక్కడికి తీసుకెళ్ళాం. ఆయన ముందు గేరుబాక్సు నుంచి మీటరుకు పోయే కేబులు లాగి, తుడిచి, గ్రీజు పూశాడు. దాని మొదట్లో ఉండే చిన్న పళ్ళ చక్రం చూశాడు. టైర్ల సైజు ఎవరైనా మార్చారా అని కొలిచాడు. అన్నీ బాగున్నాయి. వేరే మీటరు తగిలించి రోడ్డెక్కితే, మామ నలభై అన్నప్పుడు అదీ డెబ్బై చూపించింది. చివరికి నా ఫోన్లో స్పీడు చూశాం, అదీ అంతే.

"ఫోన్ గూడ ఖరాబైంది" అన్నాడు మామ.

తిరిగొచ్చాక చాచా బండి దిగి, మామ వైపు కిటికీ బయట నిలబడి, "అన్నా, చాయ్ తాగుదామా?" అన్నాడు. మామ కదల్లేదు. మళ్ళీ పిలిచినా తిరగలేదు. చాచా నా వైపు చూసి తన కుడి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు కూడా నాకు వెంటనే వెలగలేదు.

చాచా అటు తిరిగి వచ్చి మామ ఎదురుగా నిలబడ్డాడు. "అన్నా, ముల్లు కరెక్టే ఉన్నది. మోతనే నీకు తక్కువ ఇనవడుతున్నది."

మామ ఒకసారి ముల్లును చూశాడు. తర్వాత, "గట్లయితె ముల్లును జర కిందికి దింపు భాయ్" అన్నాడు.

"దింపుత. మరి రోడ్డు మీదున్నోళ్ళకు ఎవరు జెప్పాలె?"

మామ తువాల తీసి భుజాన వేసుకున్నాడు. చాచా మీటరు వెనక మాడిపోయిన బల్బు మార్చి, అద్దం తుడిచి ఇచ్చాడు. ఆ రోజు జరిగిన రిపేరు అంతే. ఆనాటి నుంచి మామ, మార్కెట్లో పసుపు తూకమేస్తుంటే కాటాను చూసే రైతులా, ఆ ముల్లును చూస్తూ బండి నడిపాడు. నలభై దాటలేదు. చెవుల డాక్టరు దగ్గరికి పోదామంటే మాత్రం, "నాకేమైంది?" అని నా మీదే గుర్రుమనేవాడు.

కుడి చెవి కిటికీ గాలికి, హారన్లకు పోయిందనుకున్నాను. ఎడమ పక్క నేను కూర్చుంటాను కాబట్టి అది బాగానే ఉందనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో తెలియదు. దారంతా వాగుతూనే ఉండేవాణ్ణి. దుకాణం నడవకపోవడం, అన్నతో తగాదా, అన్నీ ఆయనకే చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక లారీ వెనక పోతూ, "దుకాణం మూసెయ్యనా మామా?" అని అడిగితే తలాడించి, "తొందరేంది?" అన్నాడు. మూయలేదు. ఈనాడు మా ఇల్లు గడుస్తున్నది ఆ దుకాణంతోనే.

మామను ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు అత్త ఏడుస్తూనే చెప్పింది. "ఏడాది సంది బండిల ఆయనకు నీ మాటలేం ఇనవడలే. అల్లుడు ఏం జెప్పిండు అని అడిగితె, ఏమో, నోరైతె ఆడుతుండె అనెటోడు."

"మరి నాకు చెప్పొద్దా అత్తా?"

"చెప్తె నువ్వు మాట్లాడుడు బంద్ జేస్తవట. నువ్వు మాట్లాడుతుంటె ఆయనకు మంచిగుండేదట."

మీరే చెప్పండి, ఏమనుకోవాలి? "తొందరేంది" అన్నది నా దుకాణం గురించా, ముందు పోతున్న లారీ గురించా? ఆయన మాట పట్టుకుని నేను నిలబడ్డాను. ఆ మాట నాకు చెప్పిందో కాదో కూడా తెలియదు. కోపం రావాలి. రావడం లేదు. ఆయన మీద ప్రేమ మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత ఉంది.

మామకు కొడుకులు లేరు. దింపుడు కల్లం దగ్గర పాడె కిందికి దించి, చెవిలో మూడుసార్లు పిలవమని నన్ను ముందుకు తోశారు. పోయిన మనిషి లేస్తాడేమోనన్న చివరి ఆశకు పెట్టిన ఆచారం అది. ఏ చెవిలో పిలవాలో తెలియక పాడె చుట్టూ తిరిగాను. చివరికి ఎడమ వైపే కూర్చున్నాను. "మామా" అన్నాను. నాకే సరిగ్గా వినపడలేదు. మళ్ళీ అన్నాను.

"గట్టిగ పిలువురా, ఇనవడాలె గద!" అన్నాడు ఒక పెద్దాయన.

మూడోసారి నా గొంతులో ఎంత ఉంటే అంతా పెట్టి అరిచాను. పక్క పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్ళంతా, చేతుల్లో నారు అలాగే పట్టుకుని, నడుములెత్తి మా వైపు చూశారు.