స్వామి పేరున ఉన్న సాఫ్ట్‌వేర్

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను, కానీ మధ్యాహ్నం నుంచి నవ్వు ఆగడం లేదు.

బద్వేలులో నాకు శుభలేఖల అంగడి ఉంది. నాకు కంప్యూటరు ఎవరూ నేర్పలేదు. ఊళ్లోవాళ్ల పెళ్లి కార్డులు పాడుచేస్తూ నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్త కంప్యూటరు కొంటే అందులో పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ పనిచేయలేదు. ఇన్నేళ్లుగా చేసిన కార్డులు ఒక్కటీ తెరుచుకోలేదు. పాత లైసెన్సు ఉన్నవాళ్లకు కొత్తది తక్కువకే ఇస్తారని తెలిసి కంపెనీకి ఫోన్ చేశాను. కాకపోతే లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్లే అడగాలట.

“సార్, ఇది కోదండరామస్వామి గారి పేరున ఉంది. ఆయనకు ఫోన్ ఇవ్వండి,” అంది ఫోనెత్తిన అమ్మాయి.

మా అంగట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా రసీదు స్వామి పేరునే రాయిస్తాం. ఆ సంగతే మరిచిపోయాను.

“ఆయన ఒంటిమిట్టలో ఉండాడమ్మా. ఈడికి రాడు, మనమే పోవల్ల.”

“ఎప్పుడు దొరుకుతారు సార్?”

“పొద్దున్నే పో తల్లీ. మధ్యాహ్నం తలుపులేస్తారు.”

అటువైపు నుంచి పకపకా నవ్వు. “గుళ్లో స్వామా! మాది ప్రొద్దుటూరే పెద్దాయనా. మా ఇంట్లో ఫ్రిజ్జు గ్యారంటీ గూడా స్వామి పేరునే ఉండాది!”

పై అధికారిని అడిగి, పాత పెట్టె మీది నంబరు, అంగడి చిరునామా సరిచూసుకుని, లైసెన్సు నా పేరుకు మార్చింది. స్వామి అభ్యంతరం చెప్పలేదు. మీ ఇళ్లలో ఆయన పేరున ఏమేమున్నాయో చెప్పండి.

సాయంత్రం కొత్తది ఎక్కించి, పాత శుభలేఖ ఒకటి తెరిచి, పెళ్లివారి పేర్లు మార్చి ప్రింటుకు ఇచ్చాను.