పైపు మార్చిన రోజు

కన్నకొడుకు తనను మించిపోతాడని ఓర్వలేక, చివరి పందెంలో మా పెదనాన్నే అతని బండికి కావాలని తప్పు పైపు బిగించాడని చెప్పుకుంటారు. ఆయన పోయి ఏడాదైనా ఆ మాట పోలేదు.

రిమోట్‌తో నడిపే చిన్న పందెం బండ్లకు ఇంజన్లు, పొగగొట్టాలు అమ్మే దుకాణం పెదనాన్నది. పొగగొట్టాన్ని అందరూ పైపనే అంటారు. తొమ్మిదో తరగతితో నా చదువు ఆగాక అక్కడే కూర్చునేదాన్ని. ఎవరొచ్చినా పెదనాన్న ముందు మైదానం గురించి అడిగేవాడు. మలుపులు ఎక్కువైతే పొడుగు పైపు, తిన్నటి దారి ఎక్కువైతే పొట్టిది. ఒకసారి కొత్తగా వచ్చినాయన అన్నిటికన్నా పెద్ద ఇంజను చూపించమన్నాడు.

"ముందు మలుపులో బోర్లా పడకుండా తిప్పండి బాబూ. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట," అన్నాడు పెదనాన్న. ఆయన నవ్వి చిన్నదే తీసుకెళ్లాడు.

పైపు మారిస్తే ఇంజనుకు అందే ఇంధనాన్ని మళ్లీ సరిచేయాలి. స్క్రూ తిప్పుతూ శబ్దం వినాలి. ఇంధనం చాలకపోతే శబ్దం సన్నబడి కీచుమంటుంది. అలాగే వదిలేస్తే ఇంజను వేడెక్కి బిగుసుకుపోతుంది. పెదనాన్న స్క్రూ తిప్పేటప్పుడు నేను పక్కనే నిలబడి, శబ్దం సన్నబడగానే ఆయన చొక్కా అంచు లాగేదాన్ని. చూసినవాళ్లు నాకు భయమనుకునేవాళ్లు.

"అన్నయ్యకి కూడా చెప్పకమ్మా. చెవిటివాడి దగ్గరికి ఇంజను తెచ్చేదెవరు?" అనేవాడు.

చివరి పందెం రోజు అన్నయ్య, "ఇదొక్కటి గెలిస్తే నన్ను జట్టులోకి తీసుకుంటారు నాన్నా. పైపు నువ్వే చూడు," అన్నాడు. పెదనాన్న మైదానం చుట్టూ నడిచి, మలుపులు లెక్కపెట్టుకుని, పొట్టి పైపు తీసి పొడుగుది బిగించాడు. స్క్రూ తిప్పడం మొదలుపెట్టేసరికి చుట్టూ మగవాళ్లు మూగారు. వాళ్లను తోసుకుని వెళ్లలేక నేను ఇంధనం సీసా పట్టుకుని గోడ దగ్గరే ఉండిపోయాను. పెదనాన్న రెండుసార్లు నాకోసం వెనక్కి చూశాడు. నేను తల వంచుకున్నాను.

పదకొండో చుట్టులో ఇంజను బిగుసుకుపోయింది. అన్నయ్య రిమోట్‌ను బల్ల మీద పెట్టాడు.

"నీ చేత్తోనే చేశావు కదా నాన్నా."

పెదనాన్న నా వైపు చూడను కూడా చూడలేదు. చేతులు తుడుచుకుని బండిని సంచిలో సర్దాడు. ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. పోయే ముందు కూడా లేవు.

దుకాణం ఖాళీ చేయడానికి మొన్న అన్నయ్య వచ్చాడు. అరలోంచి ఆ పొడుగు పైపు తీసి, "ఇదేగా," అన్నాడు.

అప్పుడు చెప్పాను. పైపు సరైనదే. పెదనాన్నకు అప్పటికే మూడేళ్లుగా సన్నటి శబ్దాలు వినపడేవి కావు. ఆ రోజు గోడ దగ్గర నాకు ఆ కీచు వినపడింది.