వెంకటసామి చెప్పిన పచ్చ

మా తమ్ముడు సంగిలి కోవిల్‌పట్టిలో బండ్లకు రంగు కొట్టేవాడు. లారీ, వ్యాను, అంబాసిడరు, ఏది వచ్చినా ముందు చేత్తో తడిమి, ఎక్కడ సొట్ట పడితే పుట్టీ పూశారో కళ్లు మూసుకుని చెప్పేవాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను, అగ్గిపెట్టెల కంపెనీలో పెట్టెలు అంటించి. రెండో తరగతితో బడి మానినదాన్నే, అయినా వాడి గురించి రాయాలంటే నేనే రాయాలి. జరిగింది పూర్తిగా తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు.

వాడికి కారు పిచ్చి ఎక్కించింది వెంకటసామి. విరుదునగర్‌లో ఒక మిరపకాయల మండీలో గుమాస్తా. ఆ మండీ యజమాని కొలంబోలో వ్యాపారం మానుకుని వచ్చి, 1975లో ఒక జపాను కారును ఓడలో తెప్పించుకున్నాడు. సెలికా అంటారు దాన్ని. రెండే తలుపులు, నేలను అంటుకుని దూసుకుపోయే రకం. తూత్తుకుడి రేవులో అది దిగినప్పుడు తేవడానికి వెళ్లింది ఇరవై ఏళ్ల వెంకటసామి. ఆ రోజే మనసు పారేసుకున్నాడు. యజమాని పోయాక ఆయన కొడుకులు దానికి ఎర్రరంగు పూయించి, నాలుగు రోజులు ఊరేగి, గోదాములో మిరప మూటల వెనక పడేశారు. 1997లో తుక్కుకు వేస్తామంటే వెంకటసామి బతిమాలి తెచ్చుకున్నాడు.

లారీకి కట్టి లాక్కొచ్చి మా సంగిలి షెడ్డులో పెట్టారు. తలుపు తీస్తే అందరికీ తుమ్ములే.

"ఏమిరా, కారు తెచ్చినారా, కారం తెచ్చినారా?" అన్నాను.

"రెండూ నీకేలే అక్కా, నీ నోటికి సరిపోతాది" అన్నాడు వెంకటసామి.

ఇంజను పని సంగిలి నేస్తం అంతోణిది. వాడికి తెలుగు రాదు కాబట్టి షెడ్డులో మాటలన్నీ తమిళమే. నాతో మాత్రం వెంకటసామి తెలుగులోనే మాట్లాడేవాడు. ఇంటి బయట తెలుగు మాట్లాడడానికి నాకున్నది నువ్వొక్కదానివే అనేవాడు. నాకూ అది గర్వంగానే ఉండేది.

ప్రతి ఆదివారం ముగ్గురూ కడలమిఠాయి, అదే పల్లీపట్టీ, కొరుక్కుంటూ ఆ కారు కిందే పడి ఉండేవాళ్లు. వెంకటసామి పెట్టిన నియమం ఒకటే: ఓడ దిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. వెనక దీపం గాజు ఒక్కదాని కోసం రెండేళ్లు చెన్నై పుదుపేట తుక్కు బజారు చుట్టూ తిరిగారు. ఇలాంటి పాత జపాను బండ్లే పెట్టుకున్న మధురై స్నేహితులు వచ్చి, కొత్త రకం చక్రాలు వేసేయండి అంటే ముగ్గురూ కలిసి వాళ్లను తరిమినంత పని చేశారు. ఏ రంగని అడిగితే మాత్రం వెంకటసామి నవ్వి, ఆ రోజు రానీ అనేవాడు.

ఆ రోజు వచ్చేలోపే అతని గొంతులో పుండు లేచింది. 2003లో మధురైలో ఆపరేషను. ఆ తర్వాత మాట ఉండదని ముందే చెప్పేశారు. ముందు రోజు మా పక్కింటి ఫోనుకు చేశాడు. సంగిలి కయత్తారులో పని మీద ఉన్నాడు. వాళ్లు పిలిస్తే నేనే వెళ్లి మాట్లాడాను.

"అక్కా, సంగిలికి చెప్పు. పచ్చ కొట్టమను. దిగినప్పుడు పచ్చే. పోయేలోపల దాన్ని అట్లే చూడాల నేను."

"చూస్తావులేరా. ముందు ఒళ్లు బాగుచేసుకుని రా."

"పచ్చ, అక్కా. మరిచిపోవద్దు."

"నాకేం మతిమరుపా? పెట్టు ఫోను."

నేను విన్న అతని ఆఖరి మాటలు అవే.

సంగిలి ఆ ఎర్రరంగును ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది తీశాడు. ఒకరోజు తడి చేతులతోనే ఇంటికొచ్చాడు.

"అక్కా, అడుగున పసుపు కనపడతా ఉండాది. వాడు ఏ పచ్చ చెప్పినాడు?"

"పచ్చంటే పచ్చేరా. ఎప్పుడూ ఆకును చూడలేదా నువ్వు?"

"మధురై పోయి ఒకతూరి అడిగొస్తా."

"గొంతు కోసి పడుకోబెట్టినోణ్ణి రంగు అడగను పోతావా? సిగ్గులేదూ? నా చెవిలో చెప్పినాడు, రెండు తూర్లు."

వాడు మళ్లీ అడగలేదు. అడుగున ఉన్నది ఏదో ప్రైమరు అనుకున్నాడు. ఏడు పూతలు వేశాడు. అంత నున్నటి ఆకుపచ్చను నేను మళ్లీ చూడలేదు.

అంతోణి నడుపుతుంటే విరుదునగర్ వెళ్లాం. వెంకటసామి మెడకు గుడ్డ కట్టుకుని, ఒళ్లో పలక పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. కారును చూసి లేచాడు. వాళ్లమ్మ సుబ్బమ్మాళ్ భుజం పట్టుకుని దాని చుట్టూ ఒక్కసారి నడిచాడు. బానెట్ మీద అరచేయి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. కళ్లు నిండాయి.

"చూసినావా, చెప్పింది చెప్పినట్టు!" అన్నాను నేను.

నన్ను చూశాడు. సంగిలి గోళ్లలో ఇంకా వదలని పచ్చను చూశాడు. పలక మీద తమిళంలో "చాలా అందంగా ఉంది" అని రాశాడు. అది చదివి సంగిలి ఏడ్చేశాడు.

మూడు వారాలకు వెంకటసామి పోయాడు. పదహారో రోజు కర్మ నాడు సుబ్బమ్మాళ్ నా పక్కన కూర్చుని ఏదేదో తలుచుకుంటూ, "రేవులో ఆ కారు దిగిన దినం ఇంటికొచ్చి, మన పచ్చ నూలు మాదిరే ఉండాదమ్మా అన్నాడు" అంది.

"ఏ పచ్చ?"

"పసుపుదేనమ్మా. మేము నూలుకు రంగులేసేవాళ్లం కదా. మాకు పచ్చంటే పసుపు. ఆకు మాదిరిదాన్ని చిలకపచ్చ అంటాము."

ఆ రోజు ఫోనులో తమిళం మాట్లాడి ఉంటే పసుపును మంజళ్ అనేవాడు. తెలుగు నా కోసం మాట్లాడాడు.

వెనక ఇస్తర్లు తీస్తున్న సంగిలి అంతా విన్నాడు. ముందుకొచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, కారు ఇయ్యండి. నెలలో పసుపు కొట్టి తెస్తా."

"వద్దు నాయనా. దినమూ వాడు దాని పక్కనే మంచం వేయించుకుని, దానిమీద చెయ్యేసి పడుకునె. ఆ చేతి జిడ్డు ఇంకా ఉండాది. రుద్దొద్దు."

"అది వాడు అడిగింది కాదమ్మా!"

"తెలుసు. మీరు పోయినాక పలక మీద రాసి చూపించె, సంగిలికి చెప్పొద్దని. నేనే నోరు జారితిని."

తిరుగు బస్సు సాత్తూరు దాటింది. చివరికి నేనే "ఒరే సంగిలీ" అన్నాను.

"నువ్వేం తప్పు చెప్పినావక్కా? వాడు పచ్చ అన్నాడు, నువ్వు పచ్చ అన్నావు" అని కిటికీ వైపు తిరిగాడు.

వాడు నన్ను తిట్టి ఉంటే తిరిగి నాలుగు తిట్టేదాన్ని. ఆ దారి కూడా లేకుండా చేశాడు.

ఆ తర్వాత షెడ్డుకు ఎవరొచ్చి ఏ రంగు పేరు చెప్పినా ఒప్పుకునేవాడు కాదు. ఆ రంగున్న గుడ్డో రేకో తెచ్చి చూపించమనేవాడు. మరుసటి ఏడు మా ఇంటి తలుపుకు నీలం పూయమని నేనడిగాను.

"ఏ నీలమో తెచ్చి చూపించక్కా" అన్నాడు, మెల్లగా, కోపం లేకుండా.

లోపలికి వెళ్లి, పాత చీర అంచు చింపి తెచ్చి వాడి చేతిలో పెట్టాను.