గాలిమఠం వాకిట్లో యుడ్రోన్

గాలిమఠం తలుపు కాచే ముసలి సన్యాసిని యుడ్రోన్‌కు కోపం రాని పూట ఉండేది కాదు. పొద్దున్నే వెన్న టీ తాగి, గొర్రెతోలు భుజాన కప్పుకుని వాకిట్లో కూర్చునేది. కొండెక్కి వచ్చిన యాత్రికులను తిట్టకుండా లోపలికి పంపేది కాదు. "మంచు దులుపుకోవయ్యా, ఇదేమన్నా మీ జడలబర్రెల కొట్టమా?" అంటూనే వాళ్ల చేతులు పట్టుకుని వేడెక్కేదాకా రుద్దేది.

ఆ చలికాలం సన్యాసులు నేల విడిచి గాలిలో కూర్చునే సాధనలో ఉన్నారు. అది ముగిసేదాకా తలుపు తీయకూడదని మఠాధిపతి చోఫెల్ ఆజ్ఞ. ఓ మధ్యాహ్నం మంచుతుఫానులో ఎవరో తలుపు బాదారు. ఆడమనిషి గొంతు, దాంతోపాటు పసిబిడ్డ ఏడుపు వినిపించాయి. యుడ్రోన్ గడియ మీద చెయ్యి వేసేసరికి చోఫెల్ పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"గాలి కొడితే అందరూ కింద పడతారమ్మా. ఏడాది సాధన మట్టిపాలవుతుంది."

"పడనివ్వండి. వాళ్లు పడితే లేస్తారు. బయటున్నది పడితే ఇక లేవదు. తప్పుకోండి గురువుగారూ."

ఆయన కదల్లేదు. యుడ్రోన్ భుజంతో ఆయన్ని పక్కకు నెట్టి గడియ లాగేసింది. గాలి హోరున లోపలికి దూరింది. దీపాలు ఆరిపోయాయి. సాధనశాలలో దబదబా మనుషులు పడుతున్న చప్పుడు, మూలుగులు. ఆమె అటు తిరిగైనా చూడలేదు. మంచు కప్పేసిన తల్లిని రెక్క పట్టి లోపలికి లాగి, బిడ్డను తన గొర్రెతోలులో పొదువుకుంది.

"అలా చూస్తారేం? చలి కొడుతోంది, తలుపెయ్యండి" అంది చోఫెల్‌తో.

మఠాధిపతి వెళ్లి తలుపు వేశాడు.